బరోలోలో వగరు: లోపమా, గుణమా?

నేరేడుకొమ్మ:
చదువు కోసం ఇటలీలోని టురిన్ వచ్చి మూడేళ్లయింది. బరోలో వైన్ పుట్టే లాంగె కొండలు ఇక్కడికి కారులో గంట దూరం. పోయిన నెల ఒకే ఊరివి, ఒకే ఏడాది పంటవి రెండు బరోలోలు పక్కపక్కన పెట్టుకుని తాగాం. ఒకటి వేల లీటర్లు పట్టే పాత పెద్ద పీపాలో ఉంచింది. ఇంకొకటి బారిక్ అనే 225 లీటర్ల కొత్త ఓక్ చెక్క పీపాలో ఉంచింది. రెండోది మొదటి గుక్కకే అందరికీ నచ్చేసింది. మొదటిది నోరు పిడచకట్టేసింది. నాకు మాత్రం మొదటిదాంట్లోనే నెబ్బియోలో (బరోలో చేసే ద్రాక్ష పేరు) అసలు రుచి ఉందనిపించింది. చిన్న పీపాల వల్ల ఆ ద్రాక్ష తన గుణం పోగొట్టుకుంటోందని నా వాదన. మీరేమంటారు?

కొండగాలి:
ఒప్పుకోనండి. డబ్బు పెట్టి కొన్న వైన్‌ని వగరు తగ్గేదాకా ఇరవై ఏళ్లు దాచి తాగమంటే ఎంతమందికి కుదురుతుంది? అసలు ఆ చిన్న పీపాలు ఎందుకొచ్చాయో చూడండి. ఒకప్పుడు ఆ కొండల్లో రైతులు ద్రాక్షను చవగ్గా అమ్ముకునేవారు. ఎలియో ఆల్టారే అనే కుర్రాడు ఫ్రాన్స్‌లోని బుర్గుండీ వెళ్లి అక్కడి రైతులు ఎంత బాగా బతుకుతున్నారో చూసి వచ్చాడు. 1983లో మోటారు రంపంతో తండ్రి పాత పీపాలను కోసేశాడు. తండ్రి ఆయనకు ఆస్తి ఇవ్వలేదు. అంత తెగింపు ఉట్టినే రాదు కదా. ఆ పాత పీపాల్లో చాలావాటికి లోపల శుభ్రం ఉండేది కాదు. ఆ మురికి వాసననే సంప్రదాయం అనుకునేవాళ్లు. పైగా బరోలోను కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు చెక్కలో ఉంచాలని రూల్ ఉంది గానీ, పీపా ఎంత పెద్దదుండాలో లేదు.

నేరేడుకొమ్మ:
శుభ్రం గురించి మీరన్నది ఒప్పుకుంటాను. కానీ వగరును లోపం అంటే మాత్రం నాకు బాధేస్తుంది.

మనకు షడ్రుచుల్లో వగరు ఒకటి. చేదు వేరు, వగరు వేరు అని చిన్నపిల్లలకు కూడా తెలుసు. నేరేడు పండు తిన్నాక నాలుక మందమై అంగిలికి అతుక్కుంటుందే, అదే ఇది. వైన్‌లోని టానిన్లు అనే వగరు పదార్థాలు లాలాజలంలోని ప్రొటీన్లను పట్టేస్తాయి, అందుకే నోట్లో ఆ జారుడు పోయి గరుకు మిగులుతుంది. నెబ్బియోలో విచిత్రం ఏమిటంటే రంగు చూస్తే పల్చన, గ్లాసు అంచున ఇటుక రంగు. చూసి తేలిక అనుకుని తాగితే గట్టిగా పట్టేస్తుంది.

ఆ రోజు మొదటి సీసాలో సగం మిగిలింది. మూడు గంటల తర్వాత గ్లాసు దగ్గరికి తీసుకుంటే ఎండిన గులాబీ రేకుల వాసన, దాని వెనకే కొత్తగా రోడ్డు వేసేటప్పటి తారు వాసన. వేటమాంసం కొవ్వు ముక్క నమిలి మళ్లీ గుక్క వేస్తే వగరు ఎటు పోయిందో తెలియదు. టానిన్లు ఆ మాంసాన్ని పట్టుకుని నా నాలుకను వదిలేశాయి. రెండో సీసాలో అప్పుడూ వెనిల్లా, కాల్చిన చెక్క వాసనే. ఆ వాసన పీపాది, ఆ కొండది కాదు.

పాత పద్ధతిలో బరోలో చేసే బార్తొలో మస్కరెల్లో అనే పెద్దాయన "నో బారిక్, నో బెర్లుస్కోనీ" (బెర్లుస్కోనీ ఇటలీ రాజకీయ నాయకుడు) అని చేత్తో లేబుల్ గీసింది ఈ బాధతోనే అనుకుంటాను.

మూడోమెట్టు:
ఇద్దరూ పీపా దగ్గరే ఆగిపోయారు. వగరు తగ్గించడంలో పెద్ద చెయ్యి పీపాది కాదండీ, ద్రాక్ష తొక్కలది. పాత పద్ధతిలో రసాన్ని తొక్కలతో నెల, ఒక్కోసారి రెండు నెలలు ఉంచుతారు. కొత్త పద్ధతివాళ్లు తిరిగే ట్యాంకుల్లో కొద్ది రోజుల్లోనే తీసేసేవారు. కొత్త ఓక్ నిజానికి తన టానిన్ కొంత కలుపుతుంది కూడా. ఇప్పుడు చాలామంది మధ్యస్థంగా చేస్తున్నారు, పీపా పెద్దది, శుభ్రం కొత్త తరహా.

చార్మినార్_సాయంత్రం:
హైదరాబాద్ నుంచి ఒక మాట. రూమ్ టెంపరేచర్ అంటే యూరప్‌లో చలి ఇళ్ల లెక్క. మన దగ్గర 32 డిగ్రీల గదిలో పోస్తే ఆల్కహాల్ ఘాటు తప్ప ఏమీ తెలియదు. ఫ్రిజ్‌లో పెట్టి 16–18 డిగ్రీల దగ్గరికి వచ్చాక తాగండి. కారం ఎక్కువున్న గోంగూర మాంసంతో మాత్రం వద్దు, మంట రెట్టింపవుతుంది. నేను చేసి చూశాను.

కొండగాలి:
తొక్కల సంగతి నాకు తెలియదు, థాంక్సండీ. అయినా మొదటి గుక్కలోనే ఆనందం ఉండాలంటాను. బరోలో అనగానే భయపడి దూరంగా ఉన్న మా ఆవిడ బారిక్ వైన్‌తోనే మొదలుపెట్టింది.

నేరేడుకొమ్మ:
మూడోమెట్టు గారూ, పీపాను తిట్టినంతగా తొక్కలను పట్టించుకోలేదు, అది నా పొరపాటే. వెనిల్లా విషయంలో మాత్రం అదే మాట మీద ఉంటాను. కొండగాలి గారూ, ఈ ఆదివారం మా ఇంట్లో 2016 బరోలో ఒకటి, పెద్ద పీపాది, మధ్యాహ్నమే తెరిచిపెడతాను. మీ దగ్గర అలాంటిది ఉంటే మీరూ తెరవండి. మొదటి గుక్క, మూడు గంటల తర్వాత గుక్క, రెండూ మీ ఆవిడ గారికే ఇచ్చి ఆవిడ ఏమన్నారో ఇక్కడ రాయండి.