జీఎల్ఆర్ (లోపల గ్లాస్ పూత ఉన్న స్టీల్ రియాక్టర్) బాటమ్‌లో గ్లాస్ పెచ్చు లేచింది, టాంటలం ప్లగ్ ఆగుతుందా?

పాశమైలారం_షిఫ్ట్: 5 కేఎల్ (కిలోలీటర్ల) రియాక్టర్, బాటమ్ డిష్‌లో రూపాయి బిళ్ళంత గ్లాస్ ఊడి స్టీల్ కనపడుతోంది. హెచ్‌సీఎల్ (హైడ్రోక్లోరిక్ యాసిడ్) సర్వీస్, 90 డిగ్రీల దాకా వెళ్తాం. ప్రొడక్షన్ వాళ్ళేమో ఎపాక్సీ పెట్టి బ్యాచ్ లాగించేయమంటున్నారు. టాంటలం లోహపు ప్లగ్ (ఊడినచోట బిగించే బిరడా) వేయిస్తే ఆగుతుందా, స్పార్క్ టెస్ట్ (హై వోల్టేజీతో గ్లాస్‌లో చిల్లులు పట్టే పరీక్ష) ఎన్ని కేవీలో (కిలోవోల్టుల్లో) చేయాలి? ఈమధ్యే జాకెట్‌కి (వేడి చేయడానికి రియాక్టర్ చుట్టూ ఉండే తొడుగు) యాసిడ్‌తో డీస్కేలింగ్ (పేరుకున్న స్కేల్ తీయడం) చేయించారు, దానివల్లేమైనా అయ్యిందా?

జీడిమెట్ల_ఫిట్టర్: ఎపాక్సీ మాటే ఎత్తొద్దు బ్రదర్. మా దగ్గర పెట్టారు, తర్వాతి ప్రొడక్ట్ డీసీఎం (డైక్లోరోమీథేన్) సాల్వెంట్‌లో, మెత్తబడి లేచొచ్చేసింది, కింద స్టీల్ తినేసి గ్లాస్ అంచు లోపలికి గుల్లయింది. చిన్న ప్యాచ్‌తో పోయేది పెద్ద రిపేర్ అయి కూర్చుంది. బ్యాచ్‌లో ఐరన్ వస్తే క్యూసీ వాళ్ళు తిట్టేది మనల్నే.

పరవాడ_యుటిలిటీ: డీస్కేలింగ్‌కీ గ్లాస్‌కీ ఏం సంబంధం? యాసిడ్ తిరిగేది జాకెట్‌లో, గ్లాస్ ఉండేది లోపల. ఇన్హిబిటర్ (యాసిడ్ స్టీల్‌ని తినకుండా ఆపే మందు) కలిపితే ఏమీ కాదు, మేం ఎప్పట్నుంచో అలాగే చేస్తున్నాం.

అంక్లేశ్వర్_తెలుగోడు: సంబంధం లేదా?! జాకెట్‌లో యాసిడ్ స్టీల్‌ని తింటే హైడ్రోజన్ పుడుతుంది, అది పరమాణువుగా స్టీల్‌లోంచి దూరిపోయి గ్లాస్ వెనకాల చేరి గ్యాస్ అవుతుంది, ప్రెజర్‌కి గ్లాస్ చేప పొలుసుల్లా లేస్తుంది. అదీ అప్పుడే కాదు, కొన్నాళ్ళు పోయాక. జాకెట్‌లో యాసిడ్ వాడొద్దని మాన్యువల్‌లోనే ఉంటుంది, తెరిచి చూడండి.

పరవాడ_యుటిలిటీ: మాన్యువల్ చదివి ప్లాంట్ నడపలేం సార్. స్కేల్ పట్టి హీటింగ్ రాకపోతే ప్రొడక్షన్‌కి సమాధానం చెప్పేది మీరా?

అంక్లేశ్వర్_తెలుగోడు: హైపో (సోడియం హైపోక్లోరైట్) సర్క్యులేట్ చేయండి, గ్లాస్ లైన్డ్‌కి పనికొచ్చే డీస్కేలర్లున్నాయి. గ్లాస్ రిపేర్లే నా పని, డ్రిల్ పట్టుకుని వెజెల్‌లోకి దిగే మనిషిని, నాకు చెప్పకండి.

క్యూఏ_లక్ష్మి: అన్నా, గొడవ ఆపి పెచ్చు ఆకారం అడగండి ముందు. అర్ధచంద్రాకారంలో పొలుసులు అక్కడక్కడా లేస్తే హైడ్రోజన్ అనుమానించాలి. ఒకేచోట లేచి చుట్టూ నక్షత్రంలా పగుళ్ళుంటే బయట సుత్తి దెబ్బ. మాకు ఓసారి నాజిల్ బ్లాకయ్యిందని ఐరన్ రాడ్‌తో పొడిచారు, ఆ రోజు నుంచి చెక్క స్క్రేపర్ తప్ప దేన్నీ రానివ్వను.

జీడిమెట్ల_ఫిట్టర్: టోలుయిన్, హెక్సేన్ లాంటి సాల్వెంట్లు వాడేవాళ్ళు స్టాటిక్ కరెంట్‌తో పడే పిన్‌హోల్స్ కూడా చూసుకోండి, ఆర్‌పీఎం ఎక్కువ పెట్టి తిప్పితే స్పార్క్ గ్లాస్‌నే పొడుస్తుంది.

అంక్లేశ్వర్_తెలుగోడు: ప్లగ్ సంగతి. డైమండ్ బిట్‌తో గ్లాస్ కొట్టి, షెల్‌లో (స్టీల్ గోడలో) ట్యాప్ చేసి (మర కోసి) స్టడ్ బిగిస్తారు, పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) గ్యాస్కెట్, పైన టాంటలం టోపీ. బిట్ జాకెట్‌లోకి దూరితే వెజెల్ పోయినట్టే, డ్రిల్ డెప్త్ దగ్గరే నిలబడి చూడండి. పీటీఎఫ్ఈ వేడికి సాగుతుంది, మొదటి హీటింగ్ అయ్యాక చల్లార్చి మళ్ళీ టార్క్ (బిగింపు) చెక్ చేయండి, ఇదే అందరూ మర్చిపోతారు. హెచ్‌సీఎల్‌కి టాంటలం బంగారం, ఫ్లోరైడ్ ఉంటే మాత్రం టాంటలమూ పోతుంది గ్లాసూ పోతుంది.

రీగ్లాస్_విజయ్: స్పార్క్ టెస్ట్ 20 కేవీ పెట్టండి, అనుమానం తీరిపోతుంది.

క్యూఏ_లక్ష్మి: అది కొత్త వెజెల్‌కి ఫ్యాక్టరీలో పెట్టేది! వాడిన గ్లాస్‌కి అంత పెడితే బాగున్నచోట కూడా చిల్లు పడుతుంది. తయారీదారుని అడిగి తక్కువలో చేయించండి.

రీగ్లాస్_విజయ్: మరి ప్లగ్గులేసి నడిపేకంటే రీగ్లాసింగ్ (మొత్తం గ్లాస్ పూత మళ్ళీ వేయడం) మేలు కదా. షాట్‌బ్లాస్ట్ చేసి మళ్ళీ ఫర్నేస్‌లో 800 డిగ్రీలు దాటించాలి, జాకెట్ తీసి పెట్టాలి, షెల్ వంకరపోకుండా ఉండాలి, అయినా ఒక్క మచ్చకి ఆ ఖర్చు ఎవరు పెడతారులే.

పాశమైలారం_షిఫ్ట్: లక్ష్మి గారూ, లైట్ వేసి చూశాం, ఒకే పెచ్చు కాదు, పక్కన ఇంకో రెండు అర్ధచంద్రాల్లాంటివి ఉన్నాయి. బ్యాచ్ ఆపించాను. ప్రొడక్షన్ హెడ్ మండిపడుతున్నారు.

అంక్లేశ్వర్_తెలుగోడు: మండనివ్వండి. ప్లగ్ ఒకదానికి వేసి ఊరుకోకుండా మొత్తం బాటమ్ స్పార్క్ టెస్ట్ చేయించాకే రేటు మాట్లాడండి. మ్యాన్‌హోల్‌లో దిగే ముందు ఆక్సిజన్ చూసి పర్మిట్ మీద సంతకం పెట్టించుకోండి తమ్ముడూ.