త్రిఫల చూర్ణం ఏళ్ల తరబడి వాడొచ్చా?

కొత్తచిగురు: నాన్నకు మలబద్ధకం. రోజూ రాత్రి గోరువెచ్చటి నీళ్లలో త్రిఫల చూర్ణం కలుపుకుని తాగుతారు. మానేస్తే సమస్య మళ్లీ మొదటికొస్తోంది. షుగర్ మాత్రలు కూడా వాడతారు. ఇలాగే కొనసాగించొచ్చా?

శేషు: నిక్షేపంగా! కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ. మూడూ కాయలేగా. చరకుడు ఏడాదిపాటు వాడమన్నాడు. కాకపోతే 1:2:4 పాళ్లలో ఉండాలి. బజారులో సమపాళ్లలో కలిపి అమ్మేదానితో లాభం లేదు.

విజయ: ఆ లెక్క ఎక్కడిదో చూడండి శేషుగారూ. తిన్నది అరిగాక ఒక కరక్కాయ, భోజనానికి ముందు రెండు తానికాయలు, తర్వాత నాలుగు ఉసిరికాయలు, తేనె నెయ్యితో. రాత్రిపూట నీళ్లలో కలిపే పొడి గురించి కాదది.

శేషు: పాళ్లు పాళ్లే.

పిచ్చుక: మా ఇంట్లో సమపాళ్లే. బాగానే పనిచేస్తోంది.

విజయ: అసలు ప్రశ్న షుగర్ మాత్రల గురించి. త్రిఫల కూడా కొంత షుగర్ తగ్గించొచ్చు, రెండూ కలిస్తే మరీ పడిపోయే ప్రమాదం ఉంది. మోతాదు మించితే విరేచనాలై ఒంట్లో నీరు పోతుంది. ఐరన్ మాత్రలు వాడేవాళ్లు రెంటికీ మధ్య ఎడం పాటించాలి, ఇందులోని వగరు పదార్థాలు ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. గర్భిణులకు కరక్కాయ వద్దని పాత గ్రంథాలే చెప్పాయి. లైసెన్సు నంబరు లేని డబ్బా అసలు కొనొద్దు. 2008లో అమెరికాలో ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద మందులు పరీక్షిస్తే ఐదో వంతులో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో దొరికింది.

శేషు: అవి భస్మాలు. కాయల పొడికి అంటగట్టకండి.

విజయ: లోహాలు కలపని రకాల్లోనూ 17 శాతం వాటిలో ఉన్నాయి.

శేషు: ఇంగ్లీషు మందులకు సైడ్ ఎఫెక్ట్స్ లేవా? చూర్ణం వాడుతున్నానని చెబితే మా డాక్టరు నర్సు ముందే నవ్వాడు. "ఆకులూ అలములూ మింగితే నా దగ్గరికెందుకొచ్చారు" అన్నాడు. ఆ రోజు నుంచి ఒక్క ముక్క చెప్పలేదు, చెప్పను కూడా.

విజయ: ఆగండి. మీరూ షుగర్ మాత్రలు వాడుతున్నారా?

శేషు: వాడితే?

విజయ: షుగర్ పడిపోయి కళ్లు తిరిగితే ఆ డాక్టరు మాత్ర మోతాదు దేన్ని చూసి తగ్గిస్తాడు? ఆయన నవ్వడం తప్పే. డాక్టరును మార్చండి, చూర్ణం మాత్రం దాచకండి.

శేషు: నా ఒంటి సంగతి నాకు తెలుసు. అవమానం పడింది మీరు కాదు.

కొత్తచిగురు: ఇప్పుడే అడిగాను. నాన్న కూడా చెప్పలేదట. "తిడతారు" అంటున్నారు. నేనే ఫోన్ చేసి చెప్పనా?

విజయ: చెయ్యండి. మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి. మలబద్ధకం ఎందుకొస్తోందో కూడా అడగండి, కొన్ని మాత్రల వల్లా వస్తుంది.

పిచ్చుక: ఇంతకీ గింజలు తీసేసి పెచ్చులే దంచాలా, అన్నీ కలిపా?

శేషు: పెచ్చులే. 1:2:4.