ఉగాది రిజిస్ట్రేషన్లు: సభ్యుల డేటా క్లౌడ్‌లోనా, మన ఆఫీసు సర్వర్‌లోనా?

రిజిస్ట్రేషన్ బృందం: అందరికీ నమస్కారం. చెన్నైలో మన తెలుగు సంఘం ఉగాదికి పేర్లు తీసుకోవడం మొదలుపెట్టేలోపు సీఆర్ఎం (సభ్యులు, దాతల వివరాలన్నీ ఒకేచోట ఉంచే సాఫ్ట్‌వేర్) సంగతి తేల్చేయాలి. సభ్యత్వం, విరాళాలు, భోజనం కూపన్లు ఇప్పుడు మూడు ఎక్సెల్ షీట్లలో మూడు దారుల్లో నడుస్తున్నాయి. ఎవరి లెక్క వాళ్లు చెప్పండి.

టెక్ బృందం: సర్వర్ కొనడం తేలికే, సాకడమే కష్టమండీ. ఆఫీసు గదిలో పెడితే యూపీఎస్, స్టాటిక్ ఐపీ (మారని ఇంటర్నెట్ చిరునామా), వేరే చోట ఉంచే బ్యాకప్ కూడా కావాలి. మనది గ్రౌండ్ ఫ్లోర్. 2015 డిసెంబరు వరదలు, 2023 మిచౌంగ్ తుఫాను చూసిన ఊళ్లో సర్వర్‌ని నేల మీద పెట్టకూడదు. సొంత సర్వర్‌లో పెట్టుకోగల సివిసీఆర్ఎం అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే, ఒక ఇంటివాళ్లందర్నీ 'హౌస్‌హోల్డ్' కింద కట్టే సదుపాయం అందులో మొదటి నుంచీ ఉంది. కానీ దాని క్రాన్ జాబ్ (వేళకు పనులను తనంతట తానే నడిపే ఏర్పాటు) ఆగిందంటే రిమైండర్ మెయిళ్లు చడీచప్పుడు లేకుండా ఆగిపోతాయి. ఎవరో ఫోన్ చేసి అడిగేదాకా మనకు తెలియదు. కార్యవర్గం మారాక ఇదంతా ఎవరు చూస్తారు? నా ఓటు క్లౌడ్‌కే. అద్దె వీపీఎస్ (ఇంటర్నెట్‌లో అద్దెకు దొరికే సర్వర్) మీద సివిసీఆర్ఎం పెట్టుకున్నా అప్‌డేట్లు, బ్యాకప్‌ల బరువు మన నెత్తినే ఉంటుంది, అది గుర్తుంచుకోండి.

కోశాధికారి: పన్ను మినహాయింపుకి 80జీ రసీదు కావాలన్న దాతల పాన్ నంబర్లు బయటి కంపెనీ దగ్గర పెట్టడం నాకు సమ్మతం కాదు.

టెక్ బృందం: న్యాయమే. అయితే 2023 నాటి డేటా రక్షణ చట్టం కింద బాధ్యత రెండు పద్ధతుల్లోనూ మనదే. ఆఫీసు సర్వర్ అయినంత మాత్రాన భద్రం అనుకోవద్దు, దాని పాస్‌వర్డ్ గోడ మీద కాగితంలో ఉంటే ఏం లాభం? ఖాతా ఎవరి సొంత జీమెయిల్ మీదా తెరవొద్దు. సంఘం మెయిల్ మీదే తెరిచి, ఇద్దరు అడ్మిన్లను పెట్టి, రెండంచెల లాగిన్ ఆన్ చేయాలి. పాన్ గడి కోశాధికారికి మాత్రమే కనపడేలా మనం తీసుకునే ప్లాన్‌లో కుదరకపోతే, సీఆర్ఎంలో దాత నంబరు ఒక్కటే ఉంచి, పాన్లు మీ దగ్గర ఎన్‌క్రిప్ట్ చేసిన (పాస్‌వర్డ్ లేకుండా చదవలేని) ఫైల్లో పెట్టుకోండి.

రిజిస్ట్రేషన్ బృందం: క్లౌడ్‌లో నడిచే జోహో సీఆర్ఎం ఉచిత ప్లాన్ 3 యూజర్లకే. మనకు 4 కౌంటర్లు. ఒకే లాగిన్ అందరూ వాడుకుంటే?

టెక్ బృందం: వద్దు. ఎవరు ఏం మార్చారో ఆనవాలు దొరకదు. అసలు కౌంటర్‌కి సీఆర్ఎం లాగిన్ ఎందుకు? ముందు రోజు రాత్రి పేరు, మొబైల్ చివరి 4 అంకెలు, కూపన్ల సంఖ్య మాత్రం తీసి అక్షరక్రమంలో ప్రింట్ చేయండి. కల్యాణ మండపం లోపల సిగ్నల్ పోతే క్లౌడ్ కూడా చేతులెత్తేస్తుంది, కాగితం ఎత్తేయదు. స్పాట్ రిజిస్ట్రేషన్లకు వేరే రంగు పుస్తకం పెట్టి, సాయంత్రం ఎక్కించుకుంటే సరి.

డేటా బృందం: ఏ సాఫ్ట్‌వేర్ అయినా అసలు తలనొప్పి పాత షీట్లలోని పేర్లు అందులోకి ఎక్కించేటప్పుడే. ఇక్కడ చదువుకున్నవాళ్ల సర్టిఫికెట్లలో తండ్రి పేరు ఇనీషియల్, మన జాబితాలో ఇంటిపేరు ఇనీషియల్. అందుకే ఒకే మనిషి 'ఎస్. రమేష్' గానూ 'పి. రమేష్' గానూ ఉంటారు. మొబైల్‌తో జత కలుపుదామంటే ఇంటిల్లిపాదికీ ఒకే నంబరు. కాబట్టి మొబైల్, పుట్టిన సంవత్సరం రెండూ కలిస్తేనే ఒకరని లెక్కేద్దాం, మిగతావి చేత్తో చూడాలి. ఇంకోటి: మొబైల్ నంబరు 91తో కలిపి 12 అంకెలు రాస్తే ఎక్సెల్ దాన్ని 9.19ఈ+11 లాంటి రూపంలో చూపిస్తుంది. అలాగే సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన సాదా ఫైలుగా) సేవ్ చేస్తే నంబరు పోయినట్టే. ఆ కాలమ్‌ని ముందే టెక్స్ట్‌గా మార్చండి. తెలుగు పేర్లు పిచ్చి గుర్తులుగా మారకుండా 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' ఎంచుకోండి.

కోశాధికారి: సరే, పాన్లు నా దగ్గరే ఉంటాయంటే క్లౌడ్‌కి అభ్యంతరం లేదు. డబ్బు కట్టకముందే ఒకటి చూడండి. 50 పేర్లు ఎక్కించి, మళ్లీ మొత్తం బయటికి తీయండి. విరాళాల చరిత్ర, నోట్స్, జతచేసిన రసీదులు తిరిగి రాకపోతే ఆ కంపెనీ మనకొద్దు.

రిజిస్ట్రేషన్ బృందం: శనివారానికల్లా చేసి ఇక్కడే పెడతాం.