టాప్ ఫ్లోర్ వేడికి అందరూ డబ్బు కట్టాలా?

మధురవాడ ఐదో అంతస్తు:
విశాఖలోని మా అపార్టుమెంటులో అంతస్తుకు నాలుగు చొప్పున 20 ఫ్లాట్లు. మేముండేది పైన. ఏప్రిల్ వచ్చిందంటే రాత్రి పదకొండయినా శ్లాబు సెగ దిగదు, ఏసీ ఆపితే పది నిమిషాల్లో మెలకువ వచ్చేస్తుంది. డాబా మీద ఎండని వెనక్కి కొట్టే తెల్ల కూల్ రూఫ్ పెయింట్ వేయిద్దామని అసోసియేషన్ మీటింగులో అడిగాను. 3,200 చదరపు అడుగులకు 80 వేలు చెప్పాడు పెయింటరు. "పైనున్న నాలుగిళ్ల సుఖానికి మేమెందుకు కట్టాలి" అన్నారు. డాబా ఉమ్మడి ఆస్తి కాదా? మా ఏసీలు తక్కువ తిరిగితే కరెంటు కోసం బొగ్గు మండేది తగ్గుతుంది కదా? తెలంగాణలో 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చి, 600 గజాలు ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు తప్పనిసరి చేశారు. మీరేమంటారు?

రెండో అంతస్తు వాసి:
టాప్ ఫ్లోర్ అని రేటు తగ్గించి కొనుక్కున్నప్పుడు ఆ తగ్గింపు మాకేమైనా పంచారా అండీ? శ్లాబు కారుతోందంటే కడతాం, అది బిల్డింగుకే దెబ్బ. వేడికి కాదు.

పాతపట్నం బాబాయ్:
ఏటండీ తెలుపు తెలుపంటారు. మా వైపు పొద్దున్న డాబా తుడిస్తే సాయంత్రానికి నల్లపొడి. ఆరేసిన బట్టలకే దిక్కు లేదు. వానాకాలం పాచి. మాసిన తెలుపు ఎండని ఏం వెనక్కి కొడతాది? ఏటా కడిగించే మనిషెవడో ముందు తేల్చండి.

రిటైర్డ్ ఏఈ:
బాబాయ్ గారి మాట కొట్టిపారేయొద్దు. కొత్త తెల్లపూత ఎండలో 80 శాతం దాకా తిప్పికొడుతుంది, ఉత్త సిమెంటు శ్లాబు 30 దగ్గర ఆగుతుంది. పూత మాసేకొద్దీ ఆ తేడా కరిగిపోతుంది. అయినా వేయించడం మంచిదే. కానీ కర్బనం తగ్గించడమే మీ వాదన అయితే లెక్క వేరేచోట ఉంది.

ఫ్లాటుకు మూడు పాత ఫ్యాన్లు అనుకోండి, మొత్తం 60. పాతది 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం బీఎల్‌డీసీ 30. రోజుకు 12 గంటలు తిరిగితే 32 యూనిట్లు మిగులు. ఏడాదిలో 300 రోజులు వేసుకున్నా 9,700 యూనిట్ల పైమాటే. దేశంలో సగటున యూనిట్ కరెంటుకు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది, అంటే దాదాపు ఏడు టన్నులు. విశాఖలో బాధ ఎండ కంటే ఉక్క. ఒంటికి గాలి తగిలితే ఏసీ 26, 27లో పెట్టుకున్నా హాయిగానే ఉంటుంది. డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా ఆదా అని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ వాళ్లే చెబుతారు. మీ పెయింటు నాలుగిళ్లకు, ఫ్యాన్లు ఇరవై ఇళ్లకు.

సోలార్ సమర్థకుడు:
ఇవన్నీ ఎందుకు సార్? పైకప్పు సోలార్‌కు కేంద్రం పెట్టిన పథకం పీఎం సూర్యఘర్‌లో అసోసియేషన్ల ఉమ్మడి అవసరాలకు కిలోవాట్‌కు 18 వేలు సబ్సిడీ. 10 కిలోవాట్లు పెడితే 1.8 లక్షలు వెనక్కి. లిఫ్టు, మోటారు, మెట్ల లైట్లు దాని మీదే నడుస్తాయి. ప్యానెళ్ల నీడ పడ్డ మేర శ్లాబుకీ ఎండ తగలదు.

రెండో అంతస్తు వాసి:
2014 అక్టోబరు 12న ఈ ఊళ్లో ఉన్నారా మీరు? హుద్‌హుద్ తుపానుకు నీళ్ల ట్యాంకులు పక్క వీధిలో తేలాయి.

సోలార్ సమర్థకుడు:
ఉన్నాను. అందుకే ఫ్రేము గట్టిగా వేయించాలంటున్నా, మానేయమనడం లేదు. ఉప్పుగాలికి మామూలు ఇనుము ఆగదు, గాల్వనైజ్డ్ తప్పదు. చవక కొటేషన్లలో ముందు కోత పడేది అక్కడే.

కొమ్మాది ఆర్కిటెక్ట్:
అసలు దొంగ తప్పించుకుంటున్నాడు. మధురవాడ గారూ, మీ కిటికీలు స్లైడింగేనా? రెండు తలుపుల స్లైడింగ్‌లో ఎప్పుడూ సగమే తెరుచుకుంటుంది. పాతకాలపు రెక్కల కిటికీ 90 శాతం తెరుచుకుంటుంది. నివాస భవనాల్లో ఇంధన పొదుపుకు కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత మనలాంటి ఉక్క ప్రాంతాలకు నేల వైశాల్యంలో ఆరో వంతు మేర గాలి వచ్చే తెరుపు ఉండాలంది. కొత్త ఫ్లాట్లలో టేపు పట్టి చూడండి, ఎన్ని దాటతాయో. పైగా పడమటి గోడకు నిలువెత్తు గాజు, పైన సన్‌షేడ్ ఉండదు. సముద్రం కనబడాలని తూర్పున గాజు పెట్టారంటే అర్థముంది, పడమర ఏం కనబడుతుందట, హైవేనా? 2022లో ఇంధన పొదుపు చట్టాన్ని సవరించి, కనెక్టెడ్ లోడ్ (పరికరాలన్నిటి కరెంటు సామర్థ్యం కలిపి) 100 కిలోవాట్లు, ఆపైన ఉన్న నివాస భవనాలనూ అందులో చేర్చారు. ఫ్లాటుకు 5 కిలోవాట్లు వేస్తే 20 ఫ్లాట్ల బిల్డింగు అక్కడికి చేరిపోతుంది. ప్లాన్ అప్రూవల్ దగ్గరే దీన్ని గట్టిగా అడగాలి. కట్టేశాక మీరు మీరు కొట్టుకోవడమే.

మధురవాడ ఐదో అంతస్తు:
స్లైడింగేనండీ. మార్చాలంటే గ్రిల్లు కోయాలి, ఆ ఖర్చుకు పెయింటే నయం. ఏఈ గారు చెప్పినట్టు ఫ్యాన్లకు అసోసియేషన్ తరఫున ఒకేసారి బేరం చేద్దాం, ఎవరి డబ్బు వాళ్లదే. పెయింటుకు సగం మా నాలుగిళ్ల వాళ్లం పెట్టుకుంటాం, మిగతా సగం ఫండ్ నుంచి ఇవ్వండి.

రెండో అంతస్తు వాసి:
సగం మీరు పెడితే నేను చెయ్యి ఎత్తుతా. కడిగించే ఖర్చు మాత్రం మీదే.

పాతపట్నం బాబాయ్:
ఆ ముక్క మినిట్స్ బుక్కులో రాయించి సంతకాలు తీసుకోండి.