రైజెన్ 5 5600 ప్రాసెసర్ పిన్నులు రెండు వంగాయి, ఎలా సరిచేయాలి?

అందరికీ నమస్తే. మొదటిసారి సొంతంగా పీసీ బిల్డ్ చేస్తున్నాను, ఏఎం4 (ఈ ప్రాసెసర్ కూర్చునే సాకెట్ రకం) మదర్‌బోర్డు. నిన్న రాత్రి సాకెట్ పక్కనున్న లివర్ పూర్తిగా పైకెత్తి, ప్రాసెసర్ మూలనున్న బంగారు రంగు త్రికోణాన్ని సాకెట్ మీది గుర్తుకి కలిపే పెట్టాను, దానంతటదే లోపలికి జారాలి కదా, కానీ ఒక పక్క వెంట్రుకవాసి పైకే ఉండిపోయింది. గట్టిగా మాత్రం నొక్కలేదు. వెంటనే తీసి ఫోన్ టార్చ్ వేసి పక్కనుంచి చూస్తే, 1331 పిన్నుల్లో మూల దగ్గరివి రెండు పక్క వరస మీదికి వాలి ఉన్నాయి. ప్యాకింగ్‌లోంచి తీసేటప్పుడు నా వేలు తగిలి ఉంటుంది. అప్పటినుంచి ఒకటే టెన్షన్, ఆరు నెలలు దాచిన డబ్బులు అవి.

లెడ్ తీసేసిన 0.5 పెన్ పెన్సిల్ మొనలో పిన్నును దూర్చి మెల్లగా నిలబెట్టొచ్చని ఒకరు, పాత ఏటీఎం కార్డు వరసల మధ్య జరపమని ఇంకొకరు అన్నారు. మీలో ఎవరైనా స్వయంగా చేశారా? ఒకేసారి నిటారుగా తేవాలా, కొంచెం కొంచెంగానా? పిన్ను విరిగితే ప్రాసెసర్ ఇక పనికిరాదా? లేక మొబైల్ రిపేర్ చేసేవాళ్ల దగ్గర మైక్రోస్కోప్ కింద చేయించడమే మంచిదా? మీ సమాధానం వచ్చేదాకా దాన్ని ముట్టుకోను.