గురుడి బయటి ఉపగ్రహాలు: కొన్ని బూడిద రంగు, కొన్ని ఎరుపు. ఎందుకు?

తిరుపతి తండ్రి:
రీజినల్ సైన్స్ సెంటర్ చూసి వచ్చినప్పటి నుంచి మా అమ్మాయి గురుగ్రహాన్ని వదలడం లేదు. కోటి కిలోమీటర్లకు అవతల తిరిగే బుల్లి ఉపగ్రహాల్లో కొన్ని బూడిద రంగువి, కొన్ని ఎర్రవి అని ఎక్కడో చదివింది. రంగును బట్టి వాటి పుట్టిల్లు చెప్పవచ్చా అండీ?

చిత్తూరు ఫిజిక్స్ మాస్టారు:
ఎరుపు అనగానే మదనపల్లె టమోటాను ఊహించుకోకండి. నేల మీది టెలిస్కోపుల్లో ఇవి ఉత్త చుక్కలు. వేర్వేరు ఫిల్టర్లు పెట్టి వెలుగు కొలుస్తారు. సూర్యకాంతిని దాదాపు ఉన్నదున్నట్టు తిప్పికొడితే బూడిద, ఎరుపు వైపు కాస్త మొగ్గితే ఎరుపు. అంతే.

హిమాలియా (1904లో పెరైన్ కనుగొన్నారు), ఎలారా, లిసిథియా ఒక గుంపు. కక్ష్యల వాలు 28 డిగ్రీల దరిదాపు, రంగు బూడిద, కర్బనం ఎక్కువగా ఉండే గ్రహశకలాల పోలిక. కార్మే గుంపు గురుడు తన చుట్టూ తాను తిరిగే దిశకు ఎదురు దిశలో తిరుగుతుంది, లేత ఎరుపు. గుంపంతా ఒకే రంగు, ఒకే తరహా కక్ష్య అంటే, ఒక పెద్ద శిల ఢీకొని పగిలిన ముక్కలు కావచ్చు. నాకు ఆసక్తి కలిగించేది సినోపే. కక్ష్యను బట్టి దీన్ని పాసిఫే అనే మరో ఉపగ్రహం గుంపులో వేశారు. తీరా చూస్తే పాసిఫే బూడిద, ఇది ఎరుపు! గుంపులో బయటివాడు దూరినట్టే. రంగు చుట్టరికం తేలుస్తుంది, పుట్టిల్లు చెప్పడం మాత్రం దాని ఒక్కదాని వల్ల కాదు.

పలమనేరు పాఠకుడు:
ఇవి కైపర్ పట్టీ (నెప్ట్యూన్ అవతల మంచు శిలలు తిరిగే ప్రాంతం) నుంచి వచ్చి గురుడి ఆకర్షణకు చిక్కుకున్నాయని అంటారు కదా మాస్టారూ?

చిత్తూరు ఫిజిక్స్ మాస్టారు:
అనవచ్చు, కానీ పట్టీలో కనిపించే ముదురు ఎరుపు ఈ ఉపగ్రహాల్లో కనపడదు. అక్కడివి కావో, సూర్యుడి దగ్గరకు వచ్చాక పైపొర మారిందో! పైగా చిక్కాలంటే వేగం తగ్గాలి. ఇప్పుడు గురుడి చుట్టూ అడ్డుపడే వాయువు లేదు. గ్రహం పుట్టిన తొలినాళ్లలో ఉండేది, అప్పుడు చిక్కాయని ఒక వాదం. పెద్ద గ్రహాలు ఒకదాని పక్కగా ఒకటి పోయిన కాలంలో చిక్కాయని మరో వాదం. నేను రెండో దాని వైపే మొగ్గుతాను.

పైపొరను నమ్మకూడదనడానికి శనిగ్రహపు ఉపగ్రహం ఫీబీని చూడండి. 2004 జూన్ 11న కాసిని నౌక దాని పక్కగా వెళ్లింది. పైన మసి పూసినట్టు నలుపు, గుంతల గోడల మీద మాత్రం తెల్లటి మంచు చారలు.

తిరుపతి తండ్రి:
ఆ ఫోటోలు చూపించాను. ఇప్పుడు శనిగ్రహం మొదలుపెట్టింది.