ఆటవెలది సమస్య: "గుండె పగిలి భూమిగోళ మయ్యె"

నిర్వాహకుడు:
నిన్న మా మనవరాలు స్క్రాబుల్ ఆటలోని ఇంగ్లీషు అక్షరాల బిళ్ళలు చాపమీద పరుచుకుని హార్ట్ అని పేర్చింది. ముందున్న హెచ్ బిళ్ళను వేలితో జరుపుకుంటూ తీసుకెళ్ళి చివర పెట్టింది. ఎర్త్ అయింది. "మిగతా నాలుగూ ముట్టుకోలేదు తాతా" అంది. అప్పట్నుంచీ ఈ పాదం నోట్లో ఆడుతూనే ఉంది. ఒక మాటలోని అక్షరాలనే వరుస మార్చి ఇంకో మాట చేసే ఈ ఆట (అనగ్రామ్) మీదే పోయినవారం టీచరు, చీటరు అని ఇచ్చిన సమస్యకు మంచి పూరణలొచ్చాయి కదా, ఇదీ చూడండి, ఈ పాదంతో ముగిసేలా పద్యం అల్లండి.

గోదావరిగట్టు:
హార్టు నందు మొదటి యక్షరమ్మును దీసి
తుదకుఁ జేర్చినంతఁ దోఁచె నెర్తు;
వరుస మారెఁ గాని వర్ణముల్ మారవు
గుండె పగిలి భూమిగోళ మయ్యె.

పాలపిట్ట:
నడక బాగుంది, "హా"కు "య"తో యతి (పాదం మొదటి అక్షరానికి నడిమి అక్షరంతో పొత్తు) కూడా చక్కగా కుదిరింది. కానీ గట్టుగారూ, సమస్యలో "పగిలి" అని ఉంది. మీ పద్యంలో ఏదీ పగల్లేదు. తీశారు, చేర్చారు, అంతే.

డల్లాస్ పంతులు:
వినుట మౌన మయ్యె, వింతగా రేయియు
వస్తు వయ్యె నాంగ్లభాష యందు
నక్షరముల గతుల నటునిటు మార్చఁగా
గుండె పగిలి భూమిగోళ మయ్యె.
లిసన్‌లో ఉన్న ఆరక్షరాలే సైలెంట్‌లోనూ ఉన్నాయి. నైట్‌లోని ఐదే థింగ్‌లోనివి.

కొత్తపాళీ:
పంతులుగారూ, రెండో పాదంలో "వ"కు "భా"తో యతి చెల్లుతుందాండీ?

నిర్వాహకుడు:
చెల్లుతుంది నాయనా. ప, ఫ, బ, భ, వ ఒకే జట్టు. పంతులుగారి మొదటి పాదంలో ఇంకో అందం ఉంది, ఆయనే చెప్పుకోలేదు. లిసన్‌లో టీ రాస్తాం గాని పలకం. అదే టీ సైలెంట్‌లో గట్టిగా పలుకుతుంది. వినమన్నచోట మౌనం, మౌనమన్నచోట మాట! దీని మీదే ఒక పద్యం రాయొచ్చు.

పాలపిట్ట:
తిన్నదాని నుండి తేనీరు పుట్టెను,
నిలుపు మనఁగ జాబు నేఁడు వచ్చె
నింగిలీషు చదువు ఇంత మాయలపేటి
గుండె పగిలి భూమిగోళ మయ్యె.
ఏట్ నుంచి టీ, స్టాప్ నుంచి పోస్ట్.

గోదావరిగట్టు:
"తిన్నదాని నుండి తేనీరు" చదవగానే నవ్వొచ్చింది, బాగుంది. కానీ "చదువు ఇంత" ఏమిటమ్మా? ఉత్తుకు అచ్చు పరమైతే సంధి నిత్యం. సంధి చేస్తే "చదువింత" అవుతుంది, గణం కూలుతుంది. పోయినవారం కూడా ఇంతే. ఫాదరూ ఫెదరూ ఒకే అక్షరాలన్నారు. ఫెదర్‌లో ఈ రెండుసార్లు వస్తుంది, ఫాదర్‌లో ఒక్కసారే. ఒక అక్షరం ఎక్కువైతే అది ఈ ఆట కాదు.

పాలపిట్ట:
విసంధి నాదే, ఒప్పుకుంటున్నా. "నింగిలీషు విద్య యింత మాయలపేటి" అని దిద్దుకుంటున్నాను. ఫెదరు సంగతి ఆ రోజే ఒప్పుకున్నాను. మీ చీటరు పద్యం మూడో పాదంలో ఒక లఘువు ఎక్కువుందని నేను చెబితే మీరు మాత్రం ఈ రోజుదాకా దిద్దలేదు.

డల్లాస్ పంతులు:
అనుమానం వస్తే నేనొకటి చేస్తాను. రెండు మాటల అక్షరాలనూ ఏ నుంచి జెడ్ దాకా వరుసలో పేర్చి పక్కపక్కన పెడతాను. హార్టయినా ఎర్తయినా ఏ, ఈ, హెచ్, ఆర్, టీ అనే వస్తుంది. ఫాదరు, ఫెదరు అక్కడే దొరికిపోతాయి. స్క్రాబుల్ గట్టిగా ఆడేవాళ్ళు బిళ్ళలను ఇలాగే సర్దుకుంటారు. చేతిలో ఏ, ఈ, ఐ, ఎన్, ఆర్, ఎస్, టీ పడితే పండగే. రెటైన్స్, రెటీనాస్, నాస్టియర్, స్టెయినర్, ఏదైనా పడుతుంది. 7 బిళ్ళలూ ఒకేసారి దించితే 50 పాయింట్లు అదనం.

నిర్వాహకుడు:
మనకూ ఉంది ఈ విద్య. సాక్షరా అన్నది తిరగేస్తే రాక్షసా. సరస అన్నది తిరగేసినా సరసే. కాకపోతే మన అక్షరం అచ్చునూ హల్లునూ కలిపి మోస్తుంది, ఎక్కడికి కదిపినా తన ధ్వనితోనే వెళ్తుంది. ఇంగ్లీషు అక్షరం పక్కవాణ్ణిబట్టి గొంతు మారుస్తుంది. హార్ట్‌లో టీ ఒంటరిది కాబట్టి "ట్" అంది. హెచ్ వచ్చి పక్కన కూర్చోగానే "త్" అయింది.

చంపకం:
ఆలస్యమైంది, మన్నించండి.
చెవియుఁ గళయు లోనఁ జెక్కుచెదర కుండె,
హెచ్చు తుదకు నేఁగె నిచ్చతోడ;
వలపు విరిగినంత వసుధయే మిగిలెను
గుండె పగిలి భూమిగోళ మయ్యె.

గోదావరిగట్టు:
చెవి, కళ ఎక్కడివి?

చంపకం:
హార్ట్ లోపల ఇయర్ ఉంది చూడండి, ఆర్ట్ కూడా ఉంది. ఎర్త్‌లోనూ ఆ రెండూ అలాగే ఉన్నాయి. కదిలింది హెచ్ ఒక్కటే.

పాలపిట్ట:
అబ్బ! "హెచ్చు" అంటే అక్షరమూ అయింది, ఎక్కువదీ అయింది. ఆ ఎక్కువైనదేదో వెళ్ళిపోయాక మిగిలింది మట్టి. "వలపు విరిగినంత" దగ్గర పగలడం కూడా వచ్చేసింది. మూడుసార్లు చదువుకున్నాను.

గోదావరిగట్టు:
హెచ్చు, నిచ్చ. రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి కూడా పడింది. పాలపిట్టగారు మొదట్లో నా పద్యంలో ఏది లేదన్నారో అది ఇందులో ఉంది. చీటరు పద్యం ఈ రాత్రికి దిద్ది పెడతాను.

నిర్వాహకుడు:
చంపకంగారి పద్యం మనవరాలికి చదివి అర్థం చెప్పాను. విని, మళ్ళీ ఆ ఐదు బిళ్ళలూ ముందేసుకుంది. పది నిమిషాల తర్వాత చూస్తే చాపమీద హేటర్ అని ఉంది. అవే ఐదు. వచ్చేవారం పాదం దానిమీదే ఇస్తాను.